పొలుసున్న చేప, ఉప్పు పట్టించిన మాంసం



కళింగపట్నం ఒడ్డునో, భావనపాడులోనో వలలు దిగిన పూట ఇసుక మీద చేపల కుప్పలు చూసే ఉంటారు. చందువలు, కవళ్ళు, పండుగప్పలు ఒక పక్క. జెల్లలు, సొరపిల్లలు, టేకులు, రొయ్యలు, పీతలు ఇంకో పక్క. మనకు బేరం కుదిరితే చాలు. నిష్ఠగల యూదుల ఇంటి ఇల్లాలు మాత్రం రెండో పక్కకి పోనేపోదు. రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపనే తినాలని వాళ్ళ ధర్మశాస్త్రం. ఆ పొలుసైనా చర్మం చిరగకుండా ఊడి రావాలి. సొర ఒంటి మీది గరుకు అలా ఊడదు, జెల్లకి అసలు పొలుసే లేదు. రొయ్యల ఇగురు లేని వంటిల్లంటే మనవైపు వాళ్ళకి కొంచెం కష్టమే అనుకోండి.

ఈ తిండి నియమాలనే కోషర్ అంటారు. మనదేశంలో వీటి మీద ఒక కథ ఉంది. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులు తరతరాలుగా గానుగ ఆడి నూనె అమ్ముకుని బతికారు. యూదుల విశ్రాంతి దినమైన శనివారం గానుగ కట్టేవారు కాదు కనుక ఊళ్ళోవాళ్ళు వాళ్ళని ‘శనివారం తేలీలు’ అన్నారు. మాట మరాఠీ అయిపోయింది. హీబ్రూ మరిచిపోయారు, గ్రంథాలు లేవు. డేవిడ్ రహబీ అనే యూదుడు వచ్చి, వీళ్ళు తనవాళ్ళేనా అని తేల్చుకోవడానికి రకరకాల చేపలు కలిపి ఆడవాళ్ళకిచ్చి వండమన్నాడట. వాళ్ళు పొలుసులేనివి ఏరి పక్కన పెట్టేశారట. ఆయన వచ్చిన కాలం గురించి చరిత్రకారులు ఒక్క మాట మీద లేరు. నాకు మాత్రం కథ నమ్మబుద్ధవుతుంది. ప్రార్థన మరిచిపోయినా కూర వండే పద్ధతి అంత తొందరగా మరిచిపోరు.

మాంసం సంగతి ఇంకా పట్టింపుగా ఉంటుంది. డెక్క చీలి ఉండాలి, నెమరు వెయ్యాలి. మేక, గొర్రె, ఆవు సరే. పంది నెమరు వెయ్యదు, కుదరదు. కొయ్యడం నేర్చినవాడే కొయ్యాలి. కత్తి అంచుకి చిన్న నొక్కు ఉన్నా పనికిరాదు, అందుకని ముందుగా గోటి మీద ఆనించి చూసుకుంటాడు. రక్తం తినకూడదు కనుక ముక్కల్ని అరగంట నీళ్ళలో నానబెట్టి, నీరు ఓడ్చి, అన్ని వైపులా రాళ్ళుప్పు పట్టిస్తారు. మన నౌపడ ఉప్పులాంటి గరుకుది కావాలి, మెత్తటిదైతే కరిగిపోతుంది. వాలుగా పెట్టిన పలక మీదో, చిల్లుల పళ్ళెంలోనో గంటసేపు ఉంచితే ఎర్రటి నీరు బొట్లు బొట్లుగా కారుతుంది. ఆ తర్వాత బాగా కడిగి పొయ్యి మీదికి ఎక్కిస్తారు. పగలగొట్టిన గుడ్డులో రక్తపు చుక్క కనిపించినా పారబోస్తారు.

పాలూ మాంసమూ కలవకూడదు. గిన్నెలు కూడా వేరు. చేప తిని పాలు తాగకూడదని మన పెద్దవాళ్ళు చెప్పే మాటని పదింతలు చేసుకుంటే వీళ్ళ పట్టింపు అర్థమవుతుంది. మాంసం కూరలో పెరుగు వెయ్యరు. బెనె ఇజ్రాయెల్ ఇళ్ళలో కొబ్బరిపాలతో ఆ లోటు తీర్చుకున్నారు.

మరి తెలుగు యూదులున్నారా? ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మచిలీపట్నంలో. బెనె ఎఫ్రాయిమ్ అంటారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్ళు, తరతరాలుగా క్రైస్తవులుగా ఉన్నవాళ్ళు. షమ్యుయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నడవగా 1980ల చివర నుంచి తాము ఇజ్రాయేలు వంశస్థులమని బయటికి చెప్పడం మొదలుపెట్టారు. 1990ల తొలినాళ్ళలో కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్, అంటే యూదుల ప్రార్థనామందిరం, వెలిసింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ళ మీద 2013లో ఒక పుస్తకమే తెచ్చారు.

తమ మాటకి వాళ్ళు చూపే రుజువుల్లో వంటింటిది ఒకటి. పెద్దకూర తింటాం, చనిపోయినవాళ్ళని పాతిపెడతాం, ఇవి మా పూర్వీకుల ఆచారాలు అంటారు. ఏ తిండి వల్ల ఊరు వాళ్ళని దూరంగా నిలబెట్టిందో ఆ తిండినే వంశం గుర్తుగా చూపిస్తున్నారన్నమాట. చరిత్రగా అది నిలుస్తుందా అన్నది వేరే చర్చ. ఆ మాట వెనక ఉన్న ఆత్మగౌరవాన్ని మాత్రం తక్కువ చెయ్యలేం.

ఏది తినాలి, ఏది తినకూడదన్న పట్టిక బైబిల్లోని లేవీయకాండంలో ఉంది. దాన్ని బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళు తెలుగులో చదువుకోగలిగారంటే, అందులో మన పక్కనున్న విశాఖపట్నానికీ పాలుంది. 1805లో అక్కడ దిగిన లండన్ మిషన్ వాళ్ళు, క్రాన్, డి గ్రాంజెస్, తెలుగు బైబిల్ పనికి పూనుకున్నారు. మతం మార్చడానికి తెచ్చిన పుస్తకం చివరికి ఇలా ఇంకో దారి చూపిస్తుందని వాళ్ళు కలగని ఉండరు.

కోషర్ పాటించడం పల్లెలో సులువు కాదు. విధి తెలిసిన కోతగాడు ప్రతి ఊళ్ళో దొరకడు. చేపకి ఆ బాధ లేదు, దానికి కోత విధి లేదు. పప్పూ కూరగాయలకి అసలే లేదు. శనివారం పొయ్యి వెలిగించకూడదు కనుక వంట శుక్రవారం పొద్దు గుంకేలోపే కావాలి. కూలికి వెళ్ళేవాళ్ళకి ఆ శనివారం కూలి కూడా పోతుంది.

ఇక యూదుల పస్కా పండుగ. ఆ రోజుల్లో పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదు. రొట్టెకైతే, పిండిలో నీళ్ళు పడిన 18 నిమిషాల్లో కాల్చెయ్యాలి. యూరప్ యూదుల్లో చాలామంది ఆ వారమంతా బియ్యం కూడా ముట్టరు. కొంకణంలోని యూదులు మాత్రం అన్నం మానరు. గుంటూరు జిల్లాలో వారం రోజులు అన్నం మానమంటే ఎంతమంది నిలబడేవారో చెప్పలేను.