తల్లిని నిందింపదగునా?

సూర్యాపేటలోగాని, కోదాడ, మిర్యాలగూడలలోగాని డౌన్ లక్షణములుగల శిశువు జన్మించినపుడు మనము మొదట చూచునది తల్లి వంక. గ్రహణమందుము, మేనరికమందుము. గ్రహణమునకు దీనితో పనిలేదు. మేనరికమువలన వచ్చు వ్యాధులు వేరు.

1959లో పారిస్ నగరమున లెజూన్ బృందము ఈ శిశువుల కణములలో 46కు బదులు 47 క్రోమోసోములున్నవని ప్రకటించెను. అదనముగా నున్నది 21వది. స్త్రీ అండములు ఆమె తన తల్లి గర్భమున నున్నప్పుడే ఏర్పడి, విభజన నడుమ ఆగి, ఏండ్లతరబడి వేచియుండును. అంతకాలము నిలిచిన జంట ఒక్కొక్కప్పుడు విడివడదు. 25 ఏండ్ల తల్లికి ఇట్టి బిడ్డ కలుగుట సుమారు 1,250 కాన్పులలో ఒకటి. 40 ఏండ్లకు నూటికి ఒకటి. అయినను ఈ బిడ్డలలో పెక్కుమంది చిన్నవయస్సు తల్లులకే పుట్టుచున్నారు. కాన్పులు ఎక్కువ వారివే గదా!

నూటికి ముగ్గురు నలుగురిలో మాత్రము 21వ క్రోమోసోము వేరొకదానికి, తరచుగా 14వదానికి, అతుకుకొనియుండును. ఆరోగ్యవతియైన తల్లియే ఆ అతుకును మోయుచున్నచో మరల అట్టి బిడ్డ కలుగు అవకాశము నూటికి 10 మొదలు 15 వరకు. తండ్రియు మోయవచ్చును, ఈ మాట మన ఇండ్లలో ఎవరును ఎత్తరు.

కనుక మరుకాన్పునకు ముందే బిడ్డకు క్రోమోసోము పరీక్ష చేయింపవలెను. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగమున్నది. తల్లి నొంటరిగా పంపరాదు. అతుకు కనబడినచో భర్తయు రక్తమీయవలసియుండును.