నోరులేని జీవాలు, మన చట్టాలు



మొన్న వేసవిలో ఒకనాటి మిట్టమధ్యాహ్నం మా వీధి చివర ఎత్తు దగ్గర ఇటుకల బండి ఒకటి ఆగిపోయింది. ఎద్దు ఒకటి మోకాళ్ల మీద కూలబడి నురగలు కక్కుతోంది. బండివాడు చెర్నాకోలతో కొడుతూనే ఉన్నాడు. అరుగుల మీంచి మేమంతా "అయ్యో పాపం!" అన్నాం. ఎదురింటి ముసలమ్మ మాత్రం ఏమీ అనకుండా బకెట్టుతో నీళ్లు తెచ్చి ఎద్దు ముందు పెట్టి, కాడి విప్పించింది.

నేను ఊరుకోలేక, "ఇలా కొట్టడం నేరం, తెలుసా?" అన్నాను. అతను చెమట తుడుచుకుని, "నేరమేనమ్మా. సాయంత్రంలోగా ఇటుకలు దింపకపోతే కూలి డబ్బులివ్వమన్నారు. అది నేరం కాదా?" అన్నాడు. ఇటుకలెక్కడికని అడిగితే, మా మరిది కట్టిస్తున్న ఇంటికే! నా నోట మాట రాలేదు.

చట్టం లేక కాదండీ. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని వెనక ఒక స్త్రీ పట్టుదల ఉంది. కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మూగజీవాల కోసం సొంతంగా ఒక బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే బిల్లు తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇచ్చాక దాన్ని ఉపసంహరించుకున్నారు. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలు.

ఈ చట్టం ప్రకారం పశువును కొట్టడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, దిక్కులేకుండా వదిలేయడం నేరాలు. కుక్కను ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచి, కాస్త తిప్పకపోయినా తప్పే. 1965 నాటి నిబంధనల ప్రకారం బండి పశువుచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టకూడదు. మన ఊళ్లలో వేసవంతా అదే ఎండ గదా!

మరి శిక్ష మాటేమిటంటారా? మొదటి తప్పుకు పది నుంచి యాభై రూపాయల జరిమానా. 1960లో యాభై రూపాయలంటే చిన్న మొత్తం కాదు. ఇవాళ ఆ డబ్బుతో ఒక పూట కూరలు కూడా రావు. శిక్షలు పెంచాలని 2022లో ప్రభుత్వం ముసాయిదా బిల్లు ప్రకటించింది. కానీ జరిమానా ఎంత పెంచినా, అది పడేది చెర్నాకోల పట్టుకున్న చేతి మీదే. ఆ చేతిని తొందరపెట్టిన మనం నీడపట్టున కూర్చునే ఉంటాం.

అందుకే ఆ రాత్రి మరిదితో మాట్లాడాను. బండి పొద్దున్నే గాని, చల్లబడ్డాక గాని రావాలి, బరువు తగ్గించాలి, కూలి మాత్రం తగ్గించకూడదు అన్నాను. "వదినా, ఇల్లు ఆలస్యమవుతుంది" అని గొణిగాడు. పది రోజులు ఆలస్యమైంది. అంతే!

ఇంకోమాట. ముచ్చటపడి రామచిలుకను పంజరంలో పెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అదీ నేరమే. మా పుట్టింట్లోనూ ఒక చిలక ఉండేది. అది పలికే నాలుగు మాటలకు మురిసిపోయామే గాని, ఎగరడం మరిచిపోయిందని ఎవరమూ అనుకోలేదు.

జీవుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో మన రాజ్యాంగంలో చేర్చారు. ఆ మాట పిల్లలు పుస్తకంలో చదవకముందే మన పెరట్లో చూడాలి. బండి ఆగితే నీళ్లివ్వండి. బండివాణ్ణి తిట్టేముందు, ఆ సరుకు ఎవరింటికో కనుక్కోండి.

సెలవు.