రాత్రి భోజనం మానితే బరువు తగ్గుతామా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని ఎప్పటిలాగే విద్య గురించి మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాం, ఏటా మీరు ఓపికగా వింటున్నారు. ఈసారి పొట్ట గురించి మాట్లాడతామని చెప్పి అనుమతి తీసుకున్నాం. మేము వైద్యులము కాము. ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెప్పుకుంటున్నవారము. మా తెలుగులో ఎక్కడైనా ఉర్దూ వాసన తగిలితే పెద్దమనసుతో క్షమించగలరు. అయితే ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నామంటే, ఇందులో మా వల్ల ఒక పొరపాటు జరిగింది. అది మీ ముందు చెప్పుకోవలసి ఉన్నది. దాని దగ్గరకు వస్తాం.

రెండేళ్ల క్రితం మా బరువు 86 కిలోలు. మా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. నల్లబల్ల మీద పై వరుసలో రాయాలంటే చేయి ఎత్తాలి, చేయి ఎత్తితే చొక్కా గుండీ ఊడిపోయేది. పిల్లలు నవ్వు ఆపుకునేవారు. మగవారి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారిది 80 సెంటీమీటర్లు దాటితే మన దేశస్థులకు సుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు లెక్క కట్టారు. మా నడుము చుట్టూ టేపు వేస్తే 104 వచ్చింది. స్టాఫ్ రూములో తోటి మాస్టర్లు ఒకటే మాట: "మాస్టరుగారూ, పొద్దుగూకిన తర్వాత ఏమీ ముట్టుకోకండి. రాత్రి తిన్నదంతా కొవ్వయి కూర్చుంటుంది."

సరే, మొదలుపెట్టాం. మగ్రిబ్ నమాజ్ వేళకు మా భోజనం పూర్తి. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. మూడు నెలలకు 82 కిలోలకు దిగాం. ఇంకేముంది! కనిపించినవాళ్లకల్లా ఉపన్యాసాలు. పెళ్లిళ్లలో ఉపన్యాసం, మయ్యత్‌కు పోయినా ఉపన్యాసం. నాలుగు కిలోలు తగ్గినవాడు నలభై మందికి హకీం అవుతాడు, చూడండి!

కాని లెక్కల మాస్టరు బుద్ధి ఊరకే ఉండదు కదా. తగ్గింది గడియారం వల్లనా, మరి దేనివల్లనైనానా అని అనుమానం వచ్చింది. మగ్రిబ్ తర్వాత పూర్వం మేము ఏమేమి తినేవాళ్లమో ఒక కాపీ పుస్తకంలో రాసి చూశాం. భోజనం సంగతి వదిలేయండి, అది ఆరు గంటలకు తిన్నా పదింటికి తిన్నా అదే భోజనం. మిగతాది చూడండి. రెండు చాయ్‌లు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర. చెంచా చక్కెరకు 20 కేలరీల చొప్పున నాలుగు చెంచాలకు 80. టీవీ ముందు గుప్పెడు వేయించిన వేరుశనగలు, ముప్పై గ్రాములనుకుంటే 170. మూల మీది బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, వాటిలో పీల్చుకున్న నూనె ఒక పెద్ద చెంచా వేసుకున్నా 120. శనగపిండి లెక్కలోకి తీసుకోలేదు, దయతలచి వదిలేశాం. మొత్తం 370. తొంభై రోజులకు 33,300. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తగ్గాలంటారు. భాగిస్తే నాలుగు కిలోల పైచిలుకు!

అనగా మేము మానింది రాత్రి కాదు, రాత్రిపూట మేసే మేత. లెక్క ఇంత చక్కగా కుదిరిందని మేము పూర్తిగా మురిసిపోలేదు. శరీరం నల్లబల్ల కాదు, బరువు తగ్గేకొద్దీ అది కూడా పొదుపు నేర్చుకుంటుంది, లెక్క తప్పుతుంది. అందుకని ఇంకో పరీక్ష పెట్టుకున్నాం. ఒక నెల ఆరున్నరకే గేటు మూశాం గాని, మూస్తున్నారు కదా అని ఆరింటికే రెండింతలు తిన్నాం. బగారా అన్నం, దాల్చా, పైన డబల్ కా మీఠా. ఆ నెల ముల్లు కదలలేదు. మరుసటి నెల ఇంట్లోవారితో కలిసి తొమ్మిదింటికి దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాం, కాని బజ్జీలు, వేరుశనగలు, రెండో చాయ్ బందు. కిలో తగ్గాం.

ఇది ఒక్క మనిషి కథ, దీన్ని సిద్ధాంతం అనరాదు. పెద్ద పెద్ద వైద్యశాలల్లో ఏం తేల్చారో కూడా చదివాం. స్కాట్లండులోని అబర్డీన్‌లో 30 మందికి నాలుగు వారాలు ఎక్కువ భాగం తిండి పొద్దున పెట్టి, మరి నాలుగు వారాలు ఎక్కువ భాగం రాత్రి పెట్టి చూశారు. తిండి అంతా వారే తూచి ఇచ్చారు. 2022లో ఫలితం ప్రకటించారు: బరువు రెండు విధాలా దాదాపు సమానంగానే తగ్గింది. అదే సంవత్సరం చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి ఇంకొకటి వచ్చింది. 139 మంది స్థూలకాయులను రెండు జట్లు చేసి, ఇద్దరికీ తిండి తగ్గించారు. ఒక జట్టువారు మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపలే తినాలి. ఏడాది తర్వాత ఆ జట్టు సగటున 8 కిలోలు, రెండో జట్టు 6.3 కిలోలు తగ్గాయి. కిలోమ్ముప్పావు తేడా ఉన్నది కదా అంటారేమో. మనుషులు మనుషులకూ ఉండే హెచ్చుతగ్గుల్లో అంత తేడా యాదృచ్ఛికంగానే రావచ్చును గనుక దాన్ని రుజువుగా తీసుకోలేదు. మా పదో తరగతి పిల్లలకు సగటు పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే ఇస్తున్నాం.

అయితే గడియారానికి పనే లేదా అంటే, ఉన్నది. ఇక్కడ మా స్టాఫ్ రూము మిత్రులకు సగం మార్కులు వేయాలి. మన ఒంట్లో ఒక గడియారం ఉన్నది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చీకటి పడ్డాక నిద్రకు సంబంధించిన మెలటోనిన్ అనే పదార్థం పెరుగుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. అందుచేత ఒకే అన్నం పొద్దున తింటే రక్తంలో చక్కెర తక్కువగా, రాత్రి తింటే ఎక్కువగా లేస్తుంది. 2022లోనే అమెరికాలోని బోస్టన్‌లో 16 మంది లావుపాటి మనుషులకు అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూశారు. వాళ్లకు ఆకలి పెరిగింది, ఒంట్లో ఖర్చయ్యే శక్తి కొద్దిగా తగ్గింది. అబర్డీన్‌లో కూడా పొద్దున ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువగా ఉన్నదని చెప్పారు. దీన్నిబట్టి మాకు అర్థమైనది ఇది: ప్రయోగశాలలో ఇంకొకరు తూచి పెడితే వేళకు పెద్ద తేడా రాదు. ఇంట్లో మన చేతికి మనమే పెట్టుకుంటాం గనుక, ఆలస్యమైనకొద్దీ ఆకలి పెరిగి చేయి బరువెక్కుతుంది.

రంజాన్ నెల సంగతి మీకు తెలిసిందే. ఆ నెలంతా మన తిండి సూర్యాస్తమయం నుంచి సెహరీ దాకానే. రాత్రి తిండే లావుకు కారణమైతే ఈద్ నాటికి మనమంతా షేర్వానీలు కొత్తగా కుట్టించుకోవాలి. పరిశీలించినవారు చెప్పేది సగటున కొంచెం తగ్గుతారనీ, కొన్ని వారాల్లో తిరిగి వచ్చేస్తుందనీ. హలీము, సమోసాలు, షర్బత్తులతో పెరిగే ఇళ్లు లేవని కాదు. అటు జైన సోదరులు పొద్దుగూకక ముందే భోంచేస్తారు. అది వారికి అహింసా నియమం, బరువు కోసం పెట్టుకున్నది కాదు. మన బజారులో దుకాణాలున్న ఆ సోదరుల్లోనూ సన్ననివారూ ఉన్నారు, మాలాంటివారూ ఉన్నారు.

ఇప్పుడు మా పొరపాటు. మేము ఉపన్యాసాలిస్తున్న రోజుల్లోనే మా మామూజాన్ ఒకరు మా మాట పట్టుకున్నారు. డెబ్బయి దగ్గర పడిన మనిషి. పన్నెండేళ్లుగా సుగరు వ్యాధి, రాత్రి భోజనానికి ముందు మాత్ర వేసుకుంటారు. మేము చెప్పాం గదా అని రాత్రి భోజనం మానేశారు. మాత్ర మానలేదు, మాత్ర గురించి మేము చెప్పనూ లేదు, అడగనూ లేదు. నాలుగో రాత్రి రెండు గంటలప్పుడు ముమానీకి మెలకువ వచ్చి చూస్తే ఆయన బనీను చెమటతో తడిసి ఉన్నది, చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే ఏదో అంటున్నారు, అర్థం కావడం లేదు. ముమానీ చదువుకోలేదు గాని తెలివి గలది. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి, లేపి కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా తాగించింది. పావుగంటకు మనిషి ఈ లోకంలోకి వచ్చారు.

తెల్లవారి మేము పోయేసరికి మామూజాన్ మంచం మీద కూర్చుని నవ్వుతున్నారు. "బేటా, నీ లెక్కలో నా మాత్ర కలపడం మరిచిపోయావురా" అన్నారు. ముమానీ మాత్రం మా వైపు చూడలేదు. చాయ్ ఇచ్చింది, చూడలేదు. ఆమె మాతో మాట్లాడడానికి ఇరవై రోజులు పట్టింది.

తర్వాత డాక్టరు గారు వివరించారు. సుగరు మాత్రల్లో కొన్ని రకాలు, అలాగే ఇన్సులిన్ సూదిమందు, మనం తిన్నా తినకపోయినా చక్కెరను కిందికి లాగుతూనే ఉంటాయి. తిండి లేకపోతే అది మరీ కిందికి పోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు దాని గుర్తులు. స్పృహ ఉంటే వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయరాదు, గొంతుకు అడ్డం పడుతుంది, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2023లో ప్రకటించిన ఒక పెద్ద సర్వే ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి పైగా సుగరు వ్యాధి ఉన్నది. ఈ హాలులోనూ తక్కువ మంది ఉండరు. మాత్ర వేసుకునేవారు భోజనం వేళ ఒక్క గంట మార్చదలచినా ముందు మీ డాక్టరు గారిని అడగండి. మమ్మల్ని అడగవద్దు.

ఇంకొక మాట. రాత్రి ఆలస్యంగా తినవద్దని మేము పురుషులం తేలికగా అంటాం. మన ఇళ్లల్లో అందరికంటే ఆలస్యంగా తినేది ఎవరు? బట్టల దుకాణంలో పనిచేసే కొడుకు పదిన్నరకు వస్తాడు. వాడికి రొట్టెలు వేడిగా కావాలి. వాడు తిన్నాక తల్లి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటుంది, అప్పటికి పదకొండు. గిన్నెలో మిగిలింది పారేయడానికి మనసొప్పదు, ఆకలి ఉన్నా లేకపోయినా అది కూడా తినేస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవారిలో నూటికి 36 మంది దాకా అధిక బరువు ఉన్నట్లు తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నవి. వంటింటి పీట కూడా ఒకటని మా అనుమానం, రుజువు మాత్రం చూపలేము. మా ఇంటావిడను ఈ సంగతి అడిగితే, "ఇన్నేళ్లకు అడిగారా?" అన్నది. అంతే అన్నది.

మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది చెబుతాం, మీకు నచ్చితే చూడండి. తొమ్మిదింటికి దస్తర్‌ఖాన్ పరుస్తాం, మా ఇంటావిడ కూడా అందరితో పాటే కూర్చుంటుంది. ఆలస్యంగా వచ్చే పెద్దవాడి గిన్నె మూతపెట్టి ఉంటుంది, వాడే వేడిచేసుకుంటాడు. మొదట్లో మొహం మాడ్చుకున్నాడు, ఇప్పుడు ఆమ్లెట్టు కూడా నేర్చాడు. వాడికి ఏడు గంటలకు తినడానికి ఉడికించిన శనగలు డబ్బాలో పెట్టి పంపుతాం, దాంతో రాత్రి రెండు రొట్టెలకు ఆగుతున్నాడు. మిగిలిన కూర ఫ్రిజ్‌లోకి పోతుంది, ఎవరి కడుపులోకీ కాదు. భోజనమయ్యాక మేమిద్దరం వీధి చివరిదాకా చహల్‌కదమీ చేసి వస్తాం. మన పెద్దలు దానికి నలభై అడుగులని పేరు పెట్టారు గాని మేము పావుగంట నడుస్తున్నాం. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో చక్కెర అంతగా లేవదు. మా బరువు ఇప్పుడు 80. అదేమంత గొప్ప విజయం కాదు, కాని గుండీ నిలుస్తున్నది.

ఇక షాదీ దావత్‌ల సంగతి. కార్డు మీద తొమ్మిది అని అచ్చువేస్తారు, హైదరాబాదులో బంధువుల పెళ్లికి పోతే పదకొండు దాటాక గాని దస్తర్ వేయరు. ఆకలితో నకనకలాడుతూ బిర్యానీ మీద పడతాం, ఎంత తిన్నామో ఎవరికీ తెలియదు, ఇంటికి పోయి పడుకుంటాం. ముందు ఆరింటికి ఇంట్లో ఏదైనా కొద్దిగా తిని పోతే ఆ దాడి సగం తగ్గుతుంది. ఆలస్యం చేసేవారిని మార్చడం మా వల్ల కాలేదు.

అయితే మన సంఘం మన చేతుల్లోనే ఉన్నది. పోయినేడు ఈ సమావేశంలో మనం భోజనానికి కూర్చున్నది రాత్రి పదీ ముప్పావుకు. ఎందుకంటే మాలాంటివారు ఉపన్యాసాలు పొడిగించారు. వచ్చే ఏడాది నుంచి ఇషా నమాజ్ కాగానే భోజనాలు, ఆ తర్వాతే బహుమతులు, ఉపన్యాసాలు అని కార్యవర్గం తీర్మానించాలని, ఆడవారి వైపు కూడా అదే సమయానికి వడ్డించాలని మా మనవి. తిన్నాక వినేవారు తగ్గిపోతారని కార్యదర్శి గారి భయం. తగ్గితే మా ఉపన్యాసాలే చిన్నవవుతాయి.

అటు దేగ మూత తీసిన వాసన ఇక్కడిదాకా వస్తున్నది. వెనక వరుసలో పిల్లలు అప్పుడే కునికిపాట్లు పడుతున్నారు.