ర్యామ్ ధర పెరిగిన ఏడాది మన కంప్యూటర్ సెంటర్

(వార్షిక సర్వసభ్య సమావేశంలో కంప్యూటర్ శిక్షణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 నిరుడు ఇదే సభలో నిలబడి, మన సెంటర్‌కు పది కొత్త కంప్యూటర్లు కొంటామని మీకు మాట ఇచ్చాము. మీరు సొమ్ము ఇచ్చారు. కంప్యూటర్లు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో, మీరిచ్చిన అమానత్ ఎక్కడుందో చెప్పాల్సిన బాధ్యత మాది.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము. మే నెలలోనే కొటేషన్ తీసుకున్నాము. కంప్యూటర్ సామాను రోజులు గడిచేకొద్దీ చవకవుతుందన్నది ఇన్నేళ్ల అనుభవం కదా, దీపావళి ఆఫర్ల దాకా ఆగుదామని కమిటీ అంతా అనుకున్నాము. ఆలస్యం అమృతం విషం అన్నట్టయింది. నవంబరులో అదే షాపుకు వెళితే ఒక్క ర్యామ్ ధరే రెట్టింపు దాటింది. ఆ రేటు కూడా ఆ రోజు సాయంత్రం వరకేనన్నారు. మోసమేమోనని మరో మూడు షాపుల్లో అడిగాము. అన్ని చోట్లా అదే మాట. షాపు ఆయన్ను అనుమానించినందుకు సిగ్గుపడ్డాము.

ర్యామ్ అంటే ఏమిటో మన కుట్టు సెంటర్ అక్కాచెల్లెళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. బీరువాలో ఎంత బట్ట ఉన్నా, కత్తిరించడానికి పరిచే బల్ల చిన్నదైతే పని సాగదు. ఆ బల్లే ర్యామ్. ప్రపంచంలో దాని చిప్పులను ఎక్కువ భాగం మూడు కంపెనీలే తయారు చేస్తాయి: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ నడిపే డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. అంతే నిల్వకు మామూలు మెమరీ కంటే దాదాపు మూడు రెట్లు సిలికాన్ పలక దానికి ఖర్చవుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో పెద్ద వలీమా ఆర్డర్లు పట్టిన వంట మాస్టర్ మన ఇంటి చిన్న దేగ్‌కు వస్తాడా? 2025 డిసెంబరులో మైక్రాన్ అయితే, క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

మైక్రాన్ ప్లాంటు గుజరాత్‌లోని సానంద్‌లో ఉంది కదా అని ఒక పెద్దాయన అడిగారు. ఉంది. కానీ అక్కడ జరిగేది చిప్పుల అసెంబ్లీ, పరీక్ష. సిలికాన్ పలక మీద చిప్పును తయారు చేసే ఫ్యాక్టరీ వేరు, అలాంటిది కట్టడానికి ఏళ్లు పడుతుంది. 2011లో థాయ్‌లాండ్ వరదలప్పుడు హార్డ్ డిస్కుల ధరలు ఇలాగే పెరిగాయి. అప్పుడు నీరు తీశాక ఫ్యాక్టరీలు మళ్లీ నడిచాయి. ఇప్పుడు ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి, సరుకే మన దాకా రావడం లేదు. కాబట్టి ఈసారి త్వరగా తగ్గుతుందని మేము మాట ఇవ్వము. ఒకసారి ఇచ్చి చూశాము.

మరి ఏం చేశామంటే, ఉన్న పద్దెనిమిది పాత కంప్యూటర్లనూ బల్ల మీద పెట్టి విప్పాము. అన్నిటిలోనూ నాలుగు జీబీ ర్యామే. బాగా మొరాయిస్తున్న ఆరింటిలోని ర్యామ్ తీసి మరో ఆరింటిలో వేశాము. అవి ఎనిమిది జీబీ అయ్యాయి. ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది కాబట్టి వాటిని ట్యాలీ క్లాసుకు ఉంచాము. మిగిలిన ఆరింటిలో లైనక్స్ మింట్ వేశాము, ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. అది ఉచితం, నాలుగు జీబీతో నెట్టుకొస్తుంది. టైపింగు, లెక్కల పట్టికలు, ఉద్యోగాలకు దరఖాస్తులు దాని మీదే నేర్పుతున్నాము. అన్నిటికీ పాత హార్డ్ డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టించాము. పెద్ద ఖర్చు అదొక్కటే. ఇంకో చిన్న నష్టం కూడా చెప్పాలి: చవకగా దొరికాయని రెండు సెకండ్ హ్యాండ్ ర్యాములు కొన్నాము. ఇంటికొచ్చాక చూస్తే అవి డీడీఆర్3వి, మనవి డీడీఆర్4. గాడి వేరు, స్లాటులో దిగనే దిగలేదు. తిరిగి తీసుకోలేదు కూడా.

అంటే పద్దెనిమిది కంప్యూటర్లు పన్నెండయ్యాయి. ఉదయం బ్యాచ్‌లో ఇరవై నలుగురు ఆడపిల్లలున్నారు. కంప్యూటర్‌కు ఇద్దరు. కొన్ని వారాలకు మేము గమనించిందేమిటంటే, ప్రతి జంటలోనూ ఒక్కరి చేతులే కీబోర్డు మీద ఉంటున్నాయి. రెండో అమ్మాయి చూస్తూ కూర్చుంటోంది. అకౌంట్స్ ఉద్యోగానికి వెళితే అక్కడ ట్యాలీ చేసి చూపించమంటారు, చూసి నేర్చుకున్నదానికి జీతం ఇవ్వరు. అందుకే అరగంటకోసారి గంట కొట్టి చోట్లు మార్పిస్తున్నాము. పిల్లలకు ఆ గంటంటే ఇప్పుడు పంతం. అయినా అది సగం సాధనే, పూర్తి సాధన కాదు.

ఎస్‌ఎస్‌డీలకు, ఆ రెండు ర్యాములకు పోగా మీ సొమ్ము సొసైటీ ఖాతాలో అలాగే ఉంది. లెక్క ఈ సంచిక చివరి పేజీల్లో ఉంది. ఇది సదకా, విరాళాల సొమ్మే. జకాత్ సొమ్ముతో సెంటర్‌కు సామాను కొనకూడదని మన కమిటీ మొదటి నుంచీ పాటిస్తున్న పద్ధతి. అది హక్కుదారు చేతికే చేరాలి. ధర ఎంతున్నా ఇప్పుడే కొనమని మీరంటే ఆరు వస్తాయి. ఆగమంటే ఆగుతాము. ఈసారి నిర్ణయం మా ఒక్కరిదే కాకూడదని ఈ సభ ముందు పెడుతున్నాము.

ఈలోగా ఒక మనవి. మీ ఆఫీసుల్లో, షాపుల్లో మూల పడ్డ ల్యాప్‌టాప్‌లను తుక్కు కింద తూకానికి ఇవ్వకండి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిందని చాలామంది మంచి మిషన్లనే పక్కన పెట్టేశారు. అవి మాకు చాలు. స్క్రీన్ పగిలినా పర్వాలేదు, లోపలి ర్యామ్ పనికొస్తుంది. మీ ఫొటోలు, లెక్కలు ముందే కాపీ చేసుకోండి. డిస్కును మేము మీ ఎదుటే తుడిచేస్తాము. ఆదివారాలు జొహర్ నమాజు తర్వాత సెంటర్‌లో మా వాళ్లుంటారు. తెచ్చేటప్పుడు చార్జరు మరచిపోకండి, ఇప్పటికి వచ్చిన నాలుగింటిలో మూడింటికి చార్జర్లు లేవు.