బాటిల్ పోస్తే ఇంజిన్‌లో కార్బన్ నిజంగా పోతదా?

ఈ రోజు ముచ్చట చాలామంది అడిగేదే. పెట్రోల్ ట్యాంకులో పోసే ఇంజిన్ క్లీనర్ బాటిల్ పని చేస్తదా, లేదా?

ముందు మా దోస్తు సంగతి చెప్తా. మాది జగిత్యాల, వాడిది కోరుట్ల. గల్ఫ్ నుంచి వచ్చి, దాచుకున్న పైసలతో సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొన్నడు. నెల తిరగకముందే పికప్ తగ్గింది, ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుడు మొదలైంది. "కార్బన్ పట్టింది, బాటిల్ పొయ్యి" అన్నరు అందరూ. ఒకటి కాదు, మూడు పోసిండు. వణుకు తగ్గలే. వాడి సంగతి ఏమైందో చివర్ల చెప్తా.

అసలు కార్బన్ ఎందుకు పడుతుంది? పూర్తిగా కాలని పెట్రోల్, ఇంజిన్ ఆయిల్ ఆవిరి వేడికి మాడి గట్టిపడతాయి. ఇంటి నుంచి కిరాణా దుకాణం దాకా, రెండు కిలోమీటర్లకే బండి తీస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, మసి ఎక్కువ పడుతుంది.

మంచి క్లీనర్లలో పాలీఈథర్ ఎమీన్ అనే రసాయనం ఉంటుంది. పీఈఏ అంటారు. దాని ఒక కొన కార్బన్‌ను పట్టుకుంటుంది, ఇంకో కొన పెట్రోల్‌లో కలిసిపోతుంది. అట్లా మసిని కొంచెం కొంచెంగా ఊడదీస్తుంది. అది ఇంజిన్‌లోనే కాలి పొగతో బయటికి పోతుంది. అంటే మందు ఉత్తిదేం కాదు.

కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: పెట్రోల్ తాకిన చోటే మందు తాకుతుంది. మాడిన గిన్నెలో నీళ్లు పోస్తే నానుతుంది గానీ, పొయ్యి మీద పోస్తే గిన్నె నానుతదా?

మామూలు ఎంపీఎఫ్ఐ పెట్రోల్ ఇంజిన్లలో ఇంజెక్టర్ పెట్రోల్‌ను ఇన్‌టేక్ వాల్వ్ వెనక భాగం మీద చల్లుతుంది. కాబట్టి ఇంజెక్టర్, వాల్వ్ రెండూ శుభ్రమయ్యే అవకాశం ఉంది. టీఎస్ఐ, టర్బో జీడీఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, వాల్వ్ వెనక తాకదు. అక్కడి కార్బన్ ట్యాంకులో ఎన్ని బాటిళ్లు పోసినా పోదు. విప్పి, చేత్తోనో, వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టో తీయాలి.

డీజిల్ బండిలో ఈజీఆర్ వాల్వ్ పొగను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపుతుంది. ఆ మసి ఆయిల్ ఆవిరితో కలిసి తారులా పేరుకుంటుంది. డీజిల్ ఆ దారిన పోదు, మందూ పోదు. డీజిల్ క్లీనర్ పనికొచ్చేది ముఖ్యంగా ఇంజెక్టర్లకే.

ఇంజిన్ ఆయిల్‌లో పోసే ఫ్లష్ వేరే సంగతి. అది ఆయిల్ దారుల్లోని మడ్డికి, పిస్టన్ మీది కార్బన్‌కు కాదు. మడ్డి బాగా పేరుకున్న పాత ఇంజిన్‌లో పోస్తే ముక్కలు ఊడి ఆయిల్ పంప్ జాలికి అడ్డం పడొచ్చు. జాగ్రత్త.

ఇగ మా దోస్తు దగ్గరికి వద్దాం. సిరిసిల్లలో తెలిసిన మెకానిక్ స్కానర్ పెట్టి చూసిండు. కార్బన్ కానే కాదు, ఒక ఇగ్నిషన్ కాయిల్ ఖరాబైంది! ఆ సిలిండర్‌లో కాలని పెట్రోల్ పొగ గొట్టంలోకి పోయి, అక్కడ కాలి, క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా దెబ్బతిన్నది. మొదటి రోజే కాయిల్ మారిస్తే అయిపోయేది. బాటిల్ పైసల కంటే, బాటిళ్ల మీద నమ్మకంతో పోయిన రోజులే ఎక్కువ నష్టం చేసినయ్.

కాబట్టి చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే, ఇంజిన్ వణికితే ముందు స్కాన్ చేయించండి. ప్లగ్గులు, కాయిల్స్, ఎయిర్ ఫిల్టర్ చూపించండి. ఎవరన్నా "కార్బన్ మొత్తం తీసేస్తాం" అంటే, ఫోన్‌కు తగిలించే బోరోస్కోప్ కెమెరాతో ముందూ వెనకా చూపించమని అడగండి.

అన్నీ బాగుంటే, మీది ఎంపీఎఫ్ఐ బండైతే, లేబుల్ మీద పీఈఏ ఉన్న బాటిల్ చెప్పిన కొలతలోనే పోయండి. గల్లీల్లో కాకుండా జగిత్యాల–కోరుట్ల హైవే లాంటి రోడ్డు మీద, ఆ ట్యాంకు దాదాపు అయిపోయేదాకా నడపండి. తేడా ఉంటే కొంచెం తెలుస్తది. కొత్త ఇంజిన్ మాత్రం అయిపోదు.

బాటిల్ కొనేముందు మీ బండి ఏ ఇంజిన్‌దో చూసుకోండి.