ఆ పట్టాను చదివేదెవరు?



కొత్తచెరువు పిల్లలకు విదేశం అంటే బెరుకు ఉండదు. పుట్టపర్తికి వచ్చే ఎన్నో దేశాల మనుషులు మన ప్రశాంతి నిలయం స్టేషన్లోనే రైలు దిగుతారు. వాళ్లను చిన్నప్పటినుంచీ చూస్తున్నారు మీరు. ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు ఎంఎస్‌కో ఎంబీఏకో బయటి దేశం పోవాలనుకుంటున్నారని తెలిసి సంతోషించాను. పొమ్మనే చెబుతాను. అయితే అక్కడ తీసుకునే పట్టాను రేపు ఎవరి ముందు పెట్టాలో ఇప్పుడే తేల్చుకుని పోండి. ఒకే పట్టాను విశ్వవిద్యాలయం ఒక తీరుగా చదువుతుంది, కంపెనీ ఇంకో తీరుగా, ప్రభుత్వం మరో తీరుగా.

అధ్యాపకులు కావాలనుకునేవాళ్లకు ముందుగా చెబుతాను. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం క్యూఎస్, టైమ్స్, షాంఘై ర్యాంకుల్లో దేనిలోనైనా మొదటి 500లో నిలిచిన విదేశీ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తెస్తే నెట్ లేకుండానే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హత ఉంది. మిగతా పట్టాలకు సమానత్వ పత్రం కావాలి. చాలాకాలం భారత విశ్వవిద్యాలయాల సంఘం ఇచ్చేది. 2025లో యూజీసీయే దీనికి నిబంధనలు తెచ్చింది. బ్రిటన్ ఏడాది మాస్టర్స్ మన దేశంలో చెల్లుతుందా అన్న చిక్కు ఏళ్ల తరబడి ఉండి, 2022 జులైలో రెండు దేశాలు ఒప్పందం చేసుకున్నాక తీరింది. అంతకుముందు ఆ పట్టాతో తిరిగొచ్చి ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. చదువులో లోపం లేదు, లెక్కలో ఒక ఏడాది తక్కువ, అంతే.

మన పట్టా అటు పోయినా ఇదే కథ. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. బోస్టన్ చేరిన ఆ మనిషి పొట్ట గడవడానికి రాత్రిపూట ఆస్పత్రిలో చిన్న పనులు చేశారు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ అందుకున్నారు. ఇంకోపక్క సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మద్రాసు ఎంఏతోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతి అయి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పీఠం ఎక్కారు. పరాయి దేశపు పట్టా లేకుండానే! ఈ రెండు జీవితాలూ ఎరిగినవాణ్ని కాబట్టి, పట్టా మీద ఉన్న దేశం పేరు చూసి మనిషిని తూచడం నాకు నచ్చదు. మంచి ఎంపిక సంఘం కూడా అలా తూచదు. ఎవరి దగ్గర పరిశోధన చేశావు, ఏం కనుక్కున్నావు, ఎక్కడ అచ్చయింది అని అడుగుతుంది.

వైద్యం సంగతి వేరు. బయట ఎంబీబీఎస్ చదివొచ్చినవాళ్లు ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి. చాలా దఫాల్లో, రాసినవాళ్లలో మూడో వంతు మంది కూడా గట్టెక్కలేదు. తమ్ముళ్లో చెల్లెళ్లో ఆ దారి పడుతుంటే ఈ మాట ఇంట్లో చెప్పండి.

కంపెనీల తీరు సూటిగా ఉంటుంది. బెంగళూరు మనకు దగ్గర, అక్కడ ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎంఎస్ అన్న అక్షరాలు దాటి ఏం పని చేశావని అడుగుతారు. చదువుతో పాటు అక్కడ పని చేసొచ్చినవాడికి విలువిస్తారు, పని తెలియకుండా వచ్చినవాణ్ని ఇక్కడి ఫ్రెషర్ పక్కనే కూర్చోబెడతారు. కన్సల్టెన్సీలు లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టిస్తామంటే నమ్మకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే అసలు పట్టానూ అనుమానిస్తారు. అమెరికాలోనే ఉద్యోగం చేద్దామంటే హెచ్-1బీ వీసాలు ఏటా 65,000. అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 ఉన్నాయి. ఆ ఇరవై వేలలోకి రావాలంటే గుర్తింపు ఉన్న ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని సంస్థలో చదివి ఉండాలి. లాభం కోసం నడిపే కాలేజీ పట్టా అందుకు పనికిరాదు. ఈ సంగతి ఎన్ని కన్సల్టెన్సీలు చెబుతున్నాయి?

ఫార్మింగ్టన్ గురించి చెప్పకుండా నేను కూర్చోలేను. మిషిగన్‌లో ఆ పేరుతో ఒక విశ్వవిద్యాలయం ఉండేది. వెబ్‌సైట్ ఉంది, గుర్తింపు ఉన్నట్టు జాబితాలో పేరూ ఉంది. తరగతులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల పన్నడానికి. సుమారు 600 మంది చేరారు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. 2019 జనవరిలో అరెస్టులు మొదలయ్యాయి. విద్యార్థుల్ని చేర్పించారని పట్టుకున్న ఎనిమిది మందీ తెలుగువాళ్లే. తెలిసి చేరినవాళ్లున్నారు, తెలియక చేరామని మొత్తుకున్నవాళ్లూ ఉన్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడ్డప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. అంత జరిగాక కూడా ఎనిమిదేళ్లకు మళ్లీ అదే గొయ్యిలో పడ్డాం. చిన్న వయసులో ఆ అవమానం మోసిన పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లను పంపి సొమ్ము చేసుకున్న పెద్దల మీద ఉంది.

మూడేళ్ల డిగ్రీతో ఆపినవాళ్లు ఒకటి గమనించాలి. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు మాస్టర్స్‌కు పదహారేళ్ల చదువు అడుగుతాయి. నాలుగో ఏడు ఆనర్స్ చేస్తారా, ఇక్కడే పీజీ చేసి పోతారా, ముందే ఆలోచించుకోండి.

మన నేల మీద శెనక్కాయ విత్తే రైతు మొలక చూడకుండా విత్తనం వేయడు. మీ కాలేజీని కూడా అలాగే చూసుకోండి. అక్కడ చదివి ఉద్యోగం చేస్తున్న ఇద్దరితో, చదివి ఉద్యోగం దొరకని ఇద్దరితో మాట్లాడండి. పాఠాలు చెప్పేవాళ్ల పేర్లు అడగండి. మీ చదువు కోసం నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టాల్సి వస్తే, సంతకానికి ముందు ఆ లోను పత్రాన్ని, కాలేజీ పంపిన పత్రాన్ని అమ్మానాన్నలకు తెలుగులో, మొదటి నుంచి చివరిదాకా మీరే చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు దొరికాకే సంతకం పెట్టించండి.