ఎముక అతికితే చాలదు



ఇవాళ మన క్లాసులోని ఒక పెద్దమ్మ ముచ్చట చెబుతాను. ఆమె ఉండేది ఫిల్మ్‌నగర్ బస్తీలో. జూబ్లీహిల్స్ బంగళాల్లో వంటపని చేసేది. ఒకనాడు బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు.

ఇంటికి వచ్చాక చూడవచ్చినవాళ్లంతా "కదలకు, కుట్లు ఊడతాయి" అన్నారు. నెల రోజులు ఆమె మంచం దిగలేదు. తర్వాత లేచి నడిస్తే కుంటు వచ్చింది. తుంటి పక్కన ఒకటే పోటు. "ఆపరేషన్ చెడింది బిడ్డా" అని నా దగ్గర ఏడ్చింది.

"ఆస్పత్రిలో కాగితం ఏమైనా ఇచ్చారా పెద్దమ్మా?" అని అడిగాను. బియ్యం డబ్బా కింద నుంచి తీసి ఇచ్చింది. అది తెలుగులోనే ఉంది. చేయాల్సిన కసరత్తులన్నీ అందులో రాసి ఉన్నాయి. అప్పటికి ఆమెకు చదువు రాదు.

మళ్లీ డాక్టరుకు చూపించాం. కీలు బాగానే ఉంది. కండలే బలం తప్పాయి.

ఇది ఎందుకు జరుగుతుంది? నడిచేటప్పుడు మనం ఒంటికాలి మీద నిలబడతాం. అప్పుడు ఒళ్లు ఒరగకుండా పట్టేది తుంటి పక్క కండలు. కండ కొసన తాడులాంటి పట్టీ ఉంటుంది. అది కండను ఎముకకు కడుతుంది. మనం దాన్ని నరం అంటాం. కానీ అది నరం కాదు. డాక్టర్లు టెండన్ అంటారు. ఆపరేషన్‌లో ఈ కండలను పక్కకు జరుపుతారు. కొన్నిసార్లు కోసి కుడతారు. అవి బలపడాలంటే నెలలు పడుతుంది. పడుకుని ఉంటే ఇంకా చిక్కిపోతాయి.

2023 డిసెంబరులో మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు జారిపడ్డారు. ఆయనకూ తుంటి మార్పిడి జరిగింది. మర్నాడే డాక్టర్లు వాకర్‌తో నడిపించారు. 2024 ఫిబ్రవరి 1న చేతికర్రతో అసెంబ్లీకి వచ్చి ప్రమాణం చేశారు. పెద్దవాళ్లకైనా, మనకైనా కండ కండే.

ఈ మాటలు గుర్తుంచుకోండి.

డాక్టరు చెప్పిన రోజునే నడక మొదలుపెట్టాలి. చేతికర్ర మంచి కాలి వైపు చేతిలో పట్టాలి. మన బస్తీ గుట్ట మీద ఉంది, అన్నీ మెట్లే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. డాక్టరు సరే అనేదాకా గొంతుకూర్చోవద్దు, బాసింపట్టు వేయవద్దు. పక్కకు పడుకుంటే మోకాళ్ల నడుమ దిండు పెట్టాలి. కండ కుట్టి ఉంటే, అడగకుండా కాలు పక్కకు ఎత్తవద్దు. నాటు మర్దన చేయించవద్దు.

జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, పిక్క వాచినా, ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఒకేసారి ఆయాసం, గుండెలో నొప్పి వస్తే 108కి ఫోను చేయాలి.

పెద్దమ్మ మన క్లాసులో చేరింది. ఇప్పుడు ఆ కాగితం గోడకు అంటించి ఉంది. తానే చదువుకుంటుంది, తానే చేస్తుంది. కుంటు పూర్తిగా పోలేదు. అయినా మెట్లు దిగి, ఎవరి చేయీ పట్టకుండా క్లాసుకు వస్తోంది. అదిగో, ముందు వరుసలో కూర్చుంది!

అక్కలారా, మీ ఇంట్లో కూడా డబ్బా కింద ఏ కాగితమైనా ఉందేమో చూడండి. రేపు తీసుకురండి. కలిసి చదువుదాం.